హైడెల్‌బర్గ్: విద్యార్థుల మార్పిడికి పురుడు పోసిన చిన్న నగరం

నైరుతి జర్మనీలో నెకర్ నది కొండల నడుమ నుంచి మైదానంలోకి దిగే చోట, నదికీ కొండకూ మధ్య ఇరుకైన నేలపై వెలసిన హైడెల్‌బర్గ్ జనాభాలో దాదాపు నల్గొండ పట్టణమంతే ఉంటుంది గానీ, అక్కడి విశ్వవిద్యాలయంలో చదివేవారి సంఖ్య ముప్పై వేలకు దగ్గరగా ఉండటం చేత ఆ ఊరి అద్దె ఇళ్లూ, హోటళ్లూ, పుస్తకాల దుకాణాలూ శతాబ్దాలుగా విద్యార్థినే నమ్ముకొని బతుకుతున్నాయి. విద్యా చరిత్రలో ఈ నగరాన్ని ప్రత్యేకంగా తలచుకోవడానికి మరొక కారణం కూడా ఉంది. నేడు ప్రపంచమంతటా అమలులో ఉన్న విద్యార్థుల మార్పిడి విధానానికి జర్మనీలో సంస్థాగత రూపం ఇచ్చిన తొలి కార్యాలయం ఈ ఊరిలోనే, ఒక విద్యార్థి చొరవతో పుట్టింది.

మార్పిడి విద్యార్థి అంటే విదేశంలో చదివే ప్రతి విద్యార్థీ కాదు. పట్టా కోసం విదేశీ విశ్వవిద్యాలయంలో నేరుగా చేరే విద్యార్థి అక్కడి ప్రవేశ నియమాలకు లోబడి, అక్కడి రుసుము చెల్లించి, చదువు ముగిసేదాకా అక్కడే ఉంటాడు. మార్పిడి విద్యార్థి మాత్రం స్వదేశంలోని విశ్వవిద్యాలయంలో తన పేరు అలాగే ఉంచుకొని, ఒకటి రెండు సెమిస్టర్ల పాటు, అంటే ఆరు నెలలో ఏడాదో, పరాయి విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడ సంపాదించిన మార్కులతో తిరిగి వచ్చి సొంత పట్టా పూర్తి చేస్తాడు. అతనికి ఆతిథ్యమిచ్చిన సంస్థ సాధారణంగా అతని నుంచి రుసుము తీసుకోదు, ఎందుకంటే దాని విద్యార్థి ఒకరు అదే షరతు మీద అతని సంస్థకు వెళ్తాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే విధానానికి మూలసూత్రం. అది ఎందుకు అవసరమయిందో తెలియాలంటే, అది లేకుండానే ఐదు శతాబ్దాల పాటు పరదేశీ విద్యార్థులు హైడెల్‌బర్గ్‌కు ఎలా వచ్చారో ముందుగా చూడాలి.

మధ్యయుగపు ఐరోపాలో విశ్వవిద్యాలయం అంటే దాదాపుగా పరదేశుల సంఘమే. పారిస్‌లో విద్యార్థులూ గురువులూ తాము వచ్చిన ప్రాంతాన్ని బట్టి ‘నేషన్లు’ అనే సమూహాలుగా ఏర్పడి, ఒకరికొకరు అండగా ఉండేవారు. బోధన అంతా లాటిన్‌లో సాగేది కనుక భాష అడ్డు వచ్చేది కాదు. 1378లో రోమన్ కాథలిక్ చర్చి రెండుగా చీలి, రోమ్‌లో ఒకరు, ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో మరొకరు పోపులమని ప్రకటించుకున్నప్పుడు, ఫ్రాన్స్ రాజు అవిన్యోన్ పక్షం వహించడంతో, రోమ్ పోపును నమ్మిన జర్మన్ ప్రాంతాల గురువులకూ విద్యార్థులకూ పారిస్‌లో నిలవడం కష్టమయింది. చక్రవర్తిని ఎన్నుకునే హక్కు గల ప్రభువులలో ఒకడైన మొదటి రూప్రెక్ట్ ఈ అవకాశాన్ని చేజిక్కించుకొని, పోపు ఆరవ అర్బన్ అనుమతి పొంది, 1386లో తన రాజధాని హైడెల్‌బర్గ్‌లో పారిస్ నమూనాలో విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పాడు. దాని తొలి రెక్టర్, అంటే పాలనాధిపతి, అయిన మార్సీలియస్ నేటి నెదర్లాండ్స్ ప్రాంతం నుంచి వచ్చి, అంతకుముందు పారిస్‌లో అదే పదవి నిర్వహించినవాడు. ఈ రోజు జర్మనీలోకెల్లా పాత విశ్వవిద్యాలయమని పేరున్న సంస్థను పరవూరి నుంచి వచ్చినవారే నిలబెట్టారన్న సంగతి ఆ తరువాతి చరిత్రకంతటికీ పునాది వంటిది.

విశ్వవిద్యాలయ పట్టికలో పేరు నమోదైన విద్యార్థి, ఏ దేశం వాడైనా, నగర న్యాయస్థానం పరిధి నుంచి తొలగి రెక్టర్ పరిధిలోకి వచ్చేవాడు. ఊళ్లో చుట్టమూ పక్కమూ లేని పరదేశికి ఇది ఎంత పెద్ద రక్షణో ఊహించడం కష్టం కాదు. తప్పు చేసిన విద్యార్థిని శిక్షించే అధికారం కూడా విశ్వవిద్యాలయానికే ఉండేది. 1778 నుంచి 1914 వరకు వాడిన విద్యార్థుల జైలు, దాన్నే కార్ట్‌సర్ అంటారు, గోడల మీద ఖైదీలు గీసిన బొమ్మలతో సహా నేటికీ నిలిచి ఉంది. పదహారో శతాబ్దంలో నగరం కాల్విన్ బోధించిన సంస్కరణ క్రైస్తవానికి కేంద్రమయ్యాక, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, హంగరీ, బొహీమియా ప్రాంతాల నుంచి అదే విశ్వాసం గల యువకులు వచ్చి చేరారు. బోధనాశాస్త్రానికి ఆద్యులలో ఒకడిగా పేరొందిన కొమీనియస్ 1613లో అక్కడ చదివినవాడే. తరువాతిది కష్టకాలం: 1622లో సైన్యాలు నగరాన్ని దోచుకున్నాయి, ‘పాలటీనా’ అనే ప్రసిద్ధ గ్రంథాలయాన్ని మరుసటి ఏడాది రోమ్‌కు తరలించారు, 1693లో ఫ్రెంచి సేనలు ఊరిని తగలబెట్టాయి. 1803లో బాడెన్ ప్రభువు కార్ల్ ఫ్రీడ్రిక్ విశ్వవిద్యాలయాన్ని పునరుద్ధరించేదాకా దానికి పూర్వవైభవం రాలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో పరదేశులను హైడెల్‌బర్గ్‌కు లాగిన శక్తి మతం కాదు, ప్రయోగశాల. రాబర్ట్ బున్‌సెన్, గుస్తావ్ కిర్కాఫ్ ఇద్దరూ కలిసి, వేడిచేసిన పదార్థం వెలువరించే కాంతిని బట్టి అందులోని మూలకాలను గుర్తించే వర్ణపట విశ్లేషణను 1859, 1860లలో ఇక్కడే రూపొందించారు; హెల్మ్‌హోల్ట్స్ 1858లో శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడిగా వచ్చి చేరాడు. అప్పటి జర్మన్ పద్ధతిలో విద్యార్థి ఒక్కొక్క ఉపన్యాస పాఠానికి విడిగా రుసుము చెల్లించి వినేవాడు, ఆ రుసుము ఆచార్యుడి ఆదాయంలో భాగమయ్యేది, ఒక సెమిస్టర్ ఒక ఊళ్లో, మరొకటి వేరే ఊళ్లో గడపడం జర్మన్ విద్యార్థులకే మామూలు అలవాటు. అందువల్ల విదేశీయుడు వచ్చినా అతన్ని ప్రత్యేకంగా చూడవలసిన పని ఉండేది కాదు; చేతిలో సొమ్మూ, వినే అర్హతా ఉంటే చాలు. ప్రభుత్వాల మధ్య ఒప్పందమూ, సంస్థల మధ్య ఒడంబడికా లేకుండానే ఇంతమంది రావడానికి ఈ పద్ధతే కారణం.

వచ్చినవారిలో రష్యన్ల కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 1859లో ప్రభుత్వ ఖర్చు మీద వచ్చిన దిమిత్రీ మెండలేవ్, విశ్వవిద్యాలయ ప్రయోగశాల తన పనికి అనువుగా లేదని, అద్దెకు తీసుకున్న ఇంట్లోనే సొంత ప్రయోగశాల అమర్చుకొని పనిచేశాడు. 1860 సెప్టెంబరులో సమీపంలోని కార్ల్స్‌రూయెలో జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల మహాసభకు హాజరై, పరమాణు భారాల గురించి అక్కడ విన్న చర్చను తరువాత తన ఆవర్తన పట్టిక ఆలోచనకు మూలంగా భావించాడు. అక్కడి రష్యన్ విద్యార్థులు స్వదేశపు పత్రికలూ, రష్యాలో నిషేధించిన రాతలూ చదువుకోవడానికి 1862లో ఒక పఠనమందిరం పెట్టుకున్నారు. 1869లో గణితం చదవడానికి వచ్చిన సోఫియా కోవలెవ్‌స్కాయాకు స్త్రీ అయినందున పేరు నమోదు చేసుకునే హక్కు లేకపోవడంతో, ఒక్కొక్క ఆచార్యుణ్ని విడిగా ఒప్పించుకొని ఆమె పాఠాలు వినవలసి వచ్చింది. స్త్రీలకు పూర్తి ప్రవేశార్హత బాడెన్ రాజ్యం 1900లో కల్పించింది. జర్మన్ రాజ్యాలలో ఆ పని ముందుగా చేసినది అదే అయినా, కోవలెవ్‌స్కాయా అప్పటికే స్టాక్‌హోమ్‌లో ఆచార్యురాలై, మరణించి తొమ్మిదేళ్లయింది. పరదేశి పురుషుడికి తెరిచి ఉన్న తలుపు అదే ఊరి ఆడపిల్లకు మూసి ఉండటం, ఆ నాటి విద్యా స్వేచ్ఛను పొగిడే పుస్తకాలు తరచుగా దాటవేసే సంగతి.

ఆసియా నుంచి వచ్చినవారు కొద్దిమందే. ఫిలిప్పీన్స్ జాతీయోద్యమానికి ప్రాణమిచ్చిన హోసే రిసాల్ 1886లో కంటి వైద్యం నేర్చుకోవడానికి ఆచార్య ఓటో బెకర్ వద్దకు వచ్చాడు. ఇరవయ్యేళ్ల తరువాత, 1907 వేసవిలో, కేంబ్రిడ్జ్‌లో చదువుతున్న మహమ్మద్ ఇక్బాల్, మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పరీక్షకు కావలసిన జర్మన్ భాష నేర్చుకోవడానికి హైడెల్‌బర్గ్ ఎంచుకొని, విదేశీ విద్యార్థులు బస చేసే ఒక పాన్షన్‌లో, అంటే భోజనంతో కూడిన అద్దె గదుల ఇంట్లో, దిగాడు. అతనికి జర్మన్ నేర్పిన ఎమ్మా వేగెనాస్ట్‌కు అతను తరువాత ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. నెకర్ ఒడ్డున ఒక సాయంకాలం గురించి ఉర్దూలో రాసిన అతని చిన్న కవిత వల్ల, ఆ నదీ తీరంలో ఒక భాగానికి నగరం తరువాతి కాలంలో ఇక్బాల్ పేరు పెట్టింది.

ఇక్కడ చిన్న నగరం చేసిన మేలును గట్టిగా చెప్పవలసి ఉంది. ఆ కాలపు జర్మన్ విశ్వవిద్యాలయాలకు ఆక్స్‌ఫర్డ్ తరహాలో విద్యార్థులు నివసించే కళాశాలలు లేవు. విద్యార్థి ఊరివాళ్ల ఇళ్లలో గది అద్దెకు తీసుకొని, ఇంటి యజమానురాలి చేతి కాఫీ తాగి, ఆమె భాషలోనే బేరమాడి, ఆమె మందలింపులు విని బతికేవాడు. బెర్లిన్, పారిస్ వంటి మహానగరాలలో తన దేశస్థుల మధ్యనే రోజులు గడుపుకోవడానికి వీలున్న పరదేశికి, నడిచి అరగంటలో ఈ చివర నుంచి ఆ చివరకు చేరగల ఊళ్లో ఆ వీలు తక్కువ. ఆచార్యుడూ, రొట్టెల దుకాణదారూ, సహాధ్యాయీ రోజూ అదే వీధిలో ఎదురవుతారు. ఆ ఊరి భాషా, అలవాట్లూ పుస్తకంతో రానంత వేగంగా ఒంటబడతాయి. తరువాత వచ్చిన మార్పిడి సంస్థలు ఈ వాతావరణాన్ని సృష్టించలేదు, ఉన్నదాన్ని వాడుకున్నాయి.

1914లో యుద్ధం మొదలవడంతో ఈ పాత ఏర్పాటు ఒక్కసారిగా కుప్పకూలింది. యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాల శాస్త్ర సంఘాలు జర్మన్ పండితులను అంతర్జాతీయ సభల నుంచి దూరంగా ఉంచాయి. అంతకన్నా పెద్ద దెబ్బ డబ్బు విలువ పడిపోవడం: 1923 నవంబరు నాటికి ఒక డాలరు ధర 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది, అంటే జర్మన్ విద్యార్థి ఇంట్లో కూడబెట్టిన మార్కులన్నీ వెచ్చించినా విదేశంలో ఒక్క నెల గడపలేడు. సొమ్ము ఉంటే చాలునన్న పాత సూత్రం పనికిరాకుండా పోయింది.

ఈ చిక్కుకు దారి చూపినవాడు, ఆల్ఫ్రెడ్ వేబర్ శిష్యుడు కార్ల్ యోఆఖిమ్ ఫ్రీడ్రిక్. సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వేబర్‌కు తమ్ముడైన ఆల్ఫ్రెడ్, హైడెల్‌బర్గ్‌లో సామాజిక, రాజనీతి శాస్త్రాల సంస్థను నడిపేవాడు. 1901లో పుట్టిన ఫ్రీడ్రిక్ యుద్ధానంతరం అమెరికా వెళ్లి, అక్కడ 1919లో నికొలస్ మర్రీ బట్లర్, ఎలిహూ రూట్, స్టీఫెన్ డగ్గన్ స్థాపించిన అంతర్జాతీయ విద్యా సంస్థ వారిని ఒప్పించి, సామాజిక శాస్త్రాలు చదివే జర్మన్ విద్యార్థులకు 13 స్కాలర్‌షిప్‌లు సంపాదించాడు. వాటికి అభ్యర్థులను ఎంచడానికీ, ప్రతిగా అమెరికన్లను రప్పించడానికీ వేబర్ సంస్థ అండతో వెలసిన కార్యాలయం 1925 జనవరి 1న పని మొదలుపెట్టింది. ఇరవై మూడేళ్ల కుర్రవాడు, అదీ ఓడిపోయిన దేశపు పౌరుడు, గెలిచిన దేశపు సంస్థతో సమానస్థాయిలో మాట్లాడి ఇంత సాధించడం అసాధారణం.

ఈ ఏర్పాటులోని తెలివి దాని జమాఖర్చులో ఉంది. అమెరికా వెళ్లిన జర్మన్ విద్యార్థి ఖర్చును అమెరికన్ కళాశాల డాలర్లలో భరిస్తుంది. జర్మనీ వచ్చిన అమెరికన్ విద్యార్థి ఖర్చును జర్మన్ పక్షం మార్కులలో భరిస్తుంది. మనిషి సరిహద్దు దాటుతాడు, డబ్బు దాటదు. అందువల్ల నాణెం విలువ ఎంత పతనమైనా చదువు ఆగదు, ఏ దేశమూ మరొక దేశం ముందు చేయి చాచినట్టు ఉండదు. దయతో ఇచ్చే దానానికీ, సమానుల మధ్య జరిగే వాయనానికీ ఉన్న తేడా ఇందులో ఉంది. ఇప్పటి మార్పిడి ఒప్పందాలలో సాధారణంగా కనిపించే పరస్పర రుసుము మాఫీ ఈ లెక్కకు కొనసాగింపే.

కార్యాలయం ఆ ఏడాదే బెర్లిన్‌కు తరలి, అన్ని శాస్త్రాలకూ విస్తరించి, 1931లో తోటి సంస్థలతో కలిసి జర్మన్ విద్యా వినిమయ సంస్థగా, అంటే నేడు డాడ్ అని పిలిచే సంస్థగా, మారింది. ఆ 1931లోనే హైడెల్‌బర్గ్‌లో విశ్వవిద్యాలయపు కొత్త భవనం తెరుచుకుంది. తాను యువకుడిగా అక్కడ చదివి, తరువాత అమెరికా రాయబారిగా జర్మనీకి వచ్చిన జేకబ్ గౌల్డ్ షుర్మన్, అమెరికన్ దాతల నుంచి ఐదు లక్షల డాలర్లకు పైగా పోగుచేసి ఇచ్చిన సొమ్ముతో కట్టిన భవనమది. దాని ద్వారం మీద, సాహిత్య ఆచార్యుడు ఫ్రీడ్రిక్ గుండోల్ఫ్ సూచన మేరకు, భవనాన్ని సజీవ చైతన్యానికి అంకితం చేస్తూ ఒక వాక్యం చెక్కారు. గుండోల్ఫ్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. నాజీలు అధికారానికి వచ్చాక ఆ వాక్యాన్ని తొలగించి, జర్మన్ చైతన్యానికి అని మార్చారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాతే పాత వాక్యం తిరిగి వచ్చింది.

ఆ మార్పు రాతి మీద మాత్రమే జరగలేదు. యూదు ఆచార్యులను పదవుల నుంచి తొలగించారు, ఆల్ఫ్రెడ్ వేబర్ 1933లోనే పదవి వదులుకున్నాడు, యూదు భార్యను విడిచిపెట్టని తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్‌ను 1937లో బలవంతంగా పంపించివేశారు. వినిమయ సంస్థను నడిపిన అడోల్ఫ్ మోర్స్‌బాఖ్‌ను 1934లో నిర్బంధించగా, ఆ తరువాత అది ప్రభుత్వ ప్రచారానికి పనిముట్టయింది. విదేశం వెళ్లే విద్యార్థి నేర్చుకోవడానికి వెళ్లే వ్యక్తిగా కాక, పాలకపక్షం మాటను మోసుకెళ్లే దూతగా పరిగణన పొందాడు. 1936లో విశ్వవిద్యాలయం 550వ వార్షికోత్సవం జరుపుకున్నప్పుడు బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు ఆహ్వానాన్ని తిరస్కరించాయి. పేరుకు మార్పిడి కొనసాగినా దాని ఆత్మ అప్పటికే పోయిందనడంలో సందేహం అక్కరలేదు. సంస్థ 1945లో రద్దయింది. దానికి బీజం వేసిన ఫ్రీడ్రిక్ 1926 నుంచీ హార్వర్డ్‌లో పనిచేస్తూ, యుద్ధానంతరం జర్మనీలో అమెరికన్ సైనిక పాలనకు రాజ్యాంగ విషయాలలో సలహాదారుగా వ్యవహరించాడు.

పెద్ద బాంబుదాడులకు గురికాకుండా మిగిలిన కొద్ది జర్మన్ నగరాలలో హైడెల్‌బర్గ్ ఒకటి కావడం వల్ల, గదులూ తరగతులూ చెక్కుచెదరక నిలిచి చదువు త్వరగానే మళ్లీ మొదలయింది. వినిమయ సంస్థ 1950లో బాన్‌లో పునర్జన్మ ఎత్తి, 1960లో కొత్త ఢిల్లీలో శాఖ తెరిచింది. 1962లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం దక్షిణాసియా సంస్థను స్థాపించడంతో, భారతదేశపు చరిత్ర, భాషలు, ఆర్థిక వ్యవస్థ ఒకే చోట చదివే వీలు ఏర్పడి, అటునుంచి ఇటు రావలసిన జర్మన్ విద్యార్థులూ తయారయ్యారు. 1987లో ఐరోపా దేశాలు మొదలుపెట్టిన ఎరాస్మస్ కార్యక్రమంలో తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది పాల్గొనగా, ఉపాధ్యాయులనూ శిక్షణార్థులనూ కలుపుకొని నేటికి ఆ లెక్క కోటిన్నర దాటింది. ఇంత విస్తరణను సాధ్యం చేసినది క్రెడిట్ల పద్ధతి: ఏడాది పాటు పూర్తికాలం చేసే చదువును 60 క్రెడిట్లుగా లెక్కగట్టి, ఒక దేశంలో సంపాదించిన క్రెడిట్లను మరొక దేశపు పట్టాలో జమ చేసే ఈ పద్ధతిని 1989లో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. డబ్బు విషయంలో 1925 నాటి ఏర్పాటు చేసిన పనినే ఇది మార్కుల విషయంలో చేసింది.

భారతీయులకు ఈ చరిత్రతో ఇప్పుడు నేరుగా సంబంధం ఏర్పడింది. 2022–23 విద్యాసంవత్సరంలో సుమారు 43 వేల మంది భారతీయులు జర్మనీలో చదువుతూ, చైనా విద్యార్థులను దాటి అక్కడి విదేశీ విద్యార్థులలో మొదటి స్థానానికి చేరారు. వీరిలో అత్యధికులు పట్టా కోసం వెళ్లినవారు. ఆంధ్ర, తెలంగాణ కుటుంబాలలో విదేశీ విద్య అనగానే మనసులోకి వచ్చేది కూడా బ్యాంకు రుణంతో చేసే ఎం.ఎస్. చదువే. హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థుల నుంచి 2017 శీతాకాల సెమిస్టర్ మొదలు సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేయడం ప్రారంభించినా, ఒప్పందం కింద వచ్చే మార్పిడి విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది. ఒక సెమిస్టర్ అక్కడ గడపగోరే విద్యార్థికి, రుణం ఆలోచనకు ముందు తన విశ్వవిద్యాలయానికి అటువంటి ఒప్పందం ఉందో లేదో కనుక్కోవడం లాభకరం.

ఒప్పందం కాగితం మీద ఉన్నంత మాత్రాన అది నిలవదు. పంపేవారే తప్ప చేర్చుకునేవారు లేని చోట పరస్పర మాఫీ లెక్క ఒకవైపు మొగ్గి, కొన్నాళ్లకు ఆగిపోతుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థులను సెమిస్టర్ పాటు చేర్చుకొని తెలుగు సహా భారతీయ భాషలూ, కళలూ నేర్పే కార్యక్రమాన్ని చాలాకాలంగా నడుపుతోంది. ఆ మాదిరి ఏర్పాట్లు తిరుపతి, వరంగల్ వంటి విద్యాకేంద్రాలలోనూ బలపడాలి. ఆ ఊళ్లు హైదరాబాదు కంటే చిన్నవి, ఇంటిపక్కవారిని పలకరించే అలవాటు పోనివి కాబట్టి, పరదేశీ విద్యార్థికి మహానగరం కంటే మేలైన ఆతిథ్యం ఇవ్వగలవు. తెలుగు ప్రాంతపు విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులను పంపడానికి చూపే ఉత్సాహంలో సగమైనా, వచ్చేవారికి గదులూ, భాషా పాఠాలూ, క్రెడిట్ల గుర్తింపూ సిద్ధం చేయడంలో చూపవలసి ఉంది.